నర్సింగ్‌రావు సోఫా

“కడిగి పెడ్త అంటున్న గద అత్తమ్మా. సబ్బు పెట్టి, వేన్నీళ్లు పోసి కడుగుత. ఇంకేం చెయ్యాలె?” అంది శోభారాణి.

“నువ్వు గంగల ముంచి తెచ్చినా నాకొద్దు ఆ బకెట్,” అంది బస్వమ్మ.

తగువు పచ్చ బకెట్ మీద. పొద్దున చాయ్‌ల దగ్గర మొదలైంది, ఉప్మా గిన్నె ఖాళీ అయినా తెగలేదు. స్నానాల గదిలో ఉన్న రెండు బకెట్లలో ఒకదానికి అడుగు చీలింది. రెండోదాన్ని శోభారాణి తెల్లవారగానే వరండాలోకి తీసుకుపోయి సోఫా కడగడానికి సబ్బు నీళ్లు కలిపింది. అప్పటి నుంచి బస్వమ్మ స్నానం చేయలేదు. స్నానం లేక పూజ లేదు, పూజ లేక నోట్లో మెతుకు లేదు. వంటింటి గడపకు అవతల నిలబడి, కోడలిని కాక కోడలి చేతిలో ఉన్న బ్రష్‌ను చూస్తూ మాట్లాడుతోంది.

“నానమ్మా, మొన్న అదే బకెట్‌ల నేను షూస్ నానబెట్టిన. అప్పుడేమన్లేదు నువ్వు,” అంది దీక్షిత జడ వేసుకుంటూ. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఆ పిల్లకు పరీక్షల సెలవులు.

“అప్పుడు నువ్వు చెప్పినవా నాకు?”

“చెప్తే ఊకుంటుంటివా?”

“షూస్ వేరు, ఇది వేరు. మనిషి పాణం పోయిన పడక. మీకు తెల్వదు, తెల్సినోళ్లు చెప్తే ఇనరు.”

అసలు సంగతి అదే. వరండాలో అడ్డంగా నిలబెట్టి ఉన్న ఆ సోఫా, వెనక వీధిలో ఉండే నర్సింగ్‌రావుది. అల్లం వ్యాపారం చేసిన మనిషి. పక్షవాతం వచ్చాక లోపలి గదిలో పడుకోనన్నాడు. హాల్లో కిటికీ పక్కన సోఫా మీదే ఏడాదికి పైగా ఉన్నాడు, దాని మీదే పోయాడు. పోయిన మనిషి పడకను ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. చెరకు తోటల దారిలో పారేసి రమ్మని కొడుకు ట్రాలీ మాట్లాడాడు కూడా. నర్సింగ్‌రావు భార్య సీతాబాయి అడ్డం పడింది. ఆదివారం నెల మాసికం, చుట్టాలు వస్తారు, అప్పటికి ఆ వాసన పోతే ఉంచుకో, లేకపోతే లేదు అన్నాడట కొడుకు. సీతాబాయి నేరుగా శోభారాణి దగ్గరికి వచ్చింది.

శోభారాణి మొదట సోఫాలకు కవర్లు కుట్టేది. కొలతలకు వెళ్లిన ఇళ్లలో సోఫాలు చూసి చూసి, కవరు వేసి మురికిని దాచే బదులు మురికే తీయవచ్చు కదా అనిపించింది. నీళ్లు చల్లి మళ్లీ పీల్చుకునే మిషన్ ఒకటి కొనుక్కుంది. మామూలు వాటిని ఆ ఇళ్లకే పోయి చేసి వస్తుంది. బాగా పాడైనవి ఇంటికి తెస్తుంది, వరండాకు ఎండ బాగా వస్తుంది కనుక. మిషన్ ఆన్ చేస్తే ఆ మోతలో ఇంట్లో ఎవరి పిలుపూ వినబడదు. పెళ్లయినప్పటి నుంచి ఆమె పేరు పలకని గంట ఒక్కటీ ఆ ఇంట్లో లేదు. ఇప్పుడు రోజుకు అలాంటి గంట ఒకటి ఉంటోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్తే నవ్వుతారని.

దేవరాజ్ గడ్డం చేసుకుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. ట్రాక్టర్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, ఆ వారమంతా రెండో షిఫ్టు.

“అమ్మ ఇంకా ఏం తినలేదా?”

“బకెట్ సంగతి తేలాలె నాయినా,” అంది దీక్షిత.

దేవరాజ్ నవ్వలేదు. వరండాలోకి వచ్చి, ముక్కు దగ్గర తువ్వాలు పెట్టుకుని సోఫా వైపు చూశాడు.

“శోభా, నిన్న చెప్పిందే మళ్ల చెప్తున్న. ఇది ఒక్కటి. ఇది సాఫ్‌గ అయితే అయింది. జర తేడా వచ్చిందా, ఆ మిషన్ కోహీర్‌ల మా బావ దుకాణంల పెట్టి అమ్మేస్త. రోజు ఈ పంచాయితి నాతోని కాదు.”

“తేడా ఎందుకొస్తది?”

“రావొద్దనే నేనూ అంటున్న.”

బస్వమ్మ పక్కింటి నుంచి బకెట్ తెప్పించుకుని స్నానానికి పోయింది. ఇంట్లో నుంచి బయటికి పోవాలన్నా ఆమె రెండు రోజులుగా వెనక తలుపే వాడుతోంది.

శోభారాణి పనిలో పడింది. నిన్న సాయంత్రమే సోఫాను బోర్లించి అడుగున ఉన్న నల్ల గుడ్డ పీకేసింది. మాత్రల రేకులు, ఎండిపోయిన నారింజ తొక్కలు రాలాయి. సీట్ల లోపలి స్పాంజిని బయటికి తీసి సిర్కా, అదే వెనిగర్, కలిపిన నీళ్లలో నానబెట్టి, కాళ్లతో తొక్కి, పిండి, మళ్లీ నానబెట్టింది. ఇంట్లో ఉన్న సిర్కా సీసాలన్నీ దానికే అయిపోయాయి. ఉచ్చ వాసన మొండిది. పైన గుడ్డ తెల్లబడినా స్పాంజిలో దాగి ఉండి, ఎండ తగలగానే లేస్తుంది. రాత్రంతా గాలికి ఆరిన స్పాంజికి పొద్దున ముక్కు ఆనించి చూసుకుంది. పోయింది. పెద్ద గండం గడిచింది అనుకుంది.

ఇక మిగిలింది పైగుడ్డ. ఒకప్పుడు గంధం రంగు. ఇప్పుడు ఏ రంగో చెప్పలేనట్టు ఉంది. నర్సింగ్‌రావు తల ఆనిన సోఫా చేతి దిక్కున నూనె జిడ్డు తోలులా గట్టిపడి ఉంది. జిడ్డుకు బట్టల సోడా కలిపిన నీళ్లే మందు. ఏ గుడ్డకైనా ఆమె ముందు కనబడని చోట రాసి చూసుకుంటుంది. ఇప్పుడూ సోఫా వీపు వెనక, కింద మూలన సోడా నీళ్లు రాసింది. రంగు దిగలేదు, గుడ్డ ముడుచుకోలేదు. నిమ్మళంగా బ్రష్ అందుకుంది.

చేతి దిక్కున జిడ్డు నల్లటి నురగై లేచింది. మిషన్‌తో పీల్చేసరికి కింద నుంచి గంధం రంగు బయటపడింది. ఆ ముక్కను చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. సీటు మొత్తానికి సోడా నీళ్లు చల్లి, బ్రష్‌తో రుద్దడం మొదలుపెట్టింది.

నాలుగు మార్లు రుద్దిందో లేదో, బ్రష్ కింద ఎరుపు కనబడింది.

ముందు తన చెయ్యి కోసుకుందేమో అనుకుని చూసుకుంది. చెయ్యి బాగానే ఉంది. సీటు నడిమిలో అరచేయంత ఎరుపు, ఆమె చూస్తుండగానే పళ్లెమంత అయింది. తడి పాకిన మేరా పాకుతోంది. మంచినీళ్లు కొట్టి పీల్చింది. మిషన్ గొట్టంలో ఎర్రటి నీళ్లు పోయాయి కానీ గుడ్డ మీద ఎరుపు తగ్గలేదు. వీపు దిక్కున చల్లిన చోట కూడా చారలు చారలుగా దిగింది. ఎక్కడ పడుకున్న మనిషి ఒరుసుకుని ఉంటాడో, సరిగ్గా అక్కడ.

మిషన్ ఆపింది. ఆ నిశ్శబ్దంలో కిటికీ దగ్గర నుంచి బస్వమ్మ గొంతు వచ్చింది. గట్టిగా అనలేదు.

“నెత్తురు.”

“కాదు అత్తమ్మా.”

“కాకపోతే ఏంది? చెప్పు. ఏంది అది?”

దేవరాజ్ లోపలి నుంచి వచ్చాడు. సోఫాను చూశాడు, తల్లి మొహం చూశాడు. బస్వమ్మ కిటికీ ఊచలు పట్టుకుని ఉంది, ఆమె పెదవులు కదులుతున్నాయి.

“ఏం పోసినవ్ దాని మీద?”

“బట్టల సోడా. అన్నిటికీ అదే పోస్త.”

“అన్నిటికీ గిట్లనే అయితదా?”

“లేదు.”

“తేడా వస్తే ఏమన్న నేను?” అన్నాడతను. అరిస్తే బాగుండేది. మామూలుగా అడిగాడు.

“జర ఆగు. సీతాబాయి పెద్దమ్మను అడుగుత.”

తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోన్ చేసింది. సీతాబాయి అవతల నుంచి, “అయిపోయిందా బిడ్డా?” అని అడిగింది.

“ఇంకా లేదు పెద్దమ్మా. ఒక మాట అడగాలె. పెదనాయినకు ఎన్నడన్న నెత్తురు గిట్ల పోయెనా, సోఫా మీద?”

“నెత్తురా? లేదు తల్లీ. వీపు కింద పుండ్లు పడ్డయి గని నెత్తురు రాలే. పుండ్లకు పసుపు ముద్ద పెడ్తుంటి. చీమలు ఒకటే రావట్టె, ఎన్ని తుడిచినా. అందుకని సీటు మీద సుత పసుపు చల్లి, పైన దుప్పటి పరుస్తుంటి. ఎందుకు అడుగుతున్నవ్?”

“ఊరికెనే,” అంది శోభారాణి. “పసుపు ఎన్ని దినాలు చల్లినవ్?”

“రోజు. ఎన్ని దినాలని చెప్పాలె?”

ఫోన్ పెట్టేసి ఆమె సీటు మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. సోడా వాసన కింద సన్నగా పసుపు. గంధం రంగు గుడ్డలో, ఆ మురికిలో పసుపు ఎవరికి కనబడుతుంది? ఆమె రాసి చూసుకున్నది వీపు వెనక. పసుపు పడింది ముందర. ఇన్ని పెళ్లిళ్లలో, ఇన్ని పురుళ్లలో తన చేతులతో పసుపులో సున్నం కలిపి, పళ్లెంలో ఎర్రనీళ్లు చేసి దిష్టి తీసింది. సోడా కూడా సున్నం లాంటిదే కదా అన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు.

ఫ్రిజ్‌లో సగం నిమ్మకాయ ఉంది. తెచ్చి సీటు అంచున పిండింది. నిమ్మరసం పడిన చోట ఎరుపు కరిగి పసుపు తేలింది. మోకాళ్ల మీద కూర్చుని ఆ ముక్కను చూస్తూ, “ఒకసారి ఇటు రా, ఇది చూడు,” అని పిలిచింది.

దేవరాజ్ వెనక పెరట్లో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఉండమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె కొంచెంసేపు నిలబడింది. గుడ్డ ఆరితే ఎరుపు ఇంకా లోపలికి దిగుతుందేమో. సోఫా మొత్తానికి సగం నిమ్మకాయ సరిపోదు, సిర్కా కావాలి.

“దీక్షితా, నేను బజారుకు పోయి సిర్కా తెస్త. దీని మీద ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు. నీళ్లు సుత పొయ్యొద్దు.”

స్కూటీ తీసింది. మొదటి దుకాణంలో ఒక్క సీసానే ఉంది. రెండో దుకాణంలో అసలు లేదు. బస్టాండు దాటి పెద్ద కిరాణా దాకా పోయి ఉన్నవన్నీ సంచిలో వేయించుకుంది. వచ్చేటప్పుడు హైవే మీద చెరకు లారీల వరుస. ముందున్న ట్రాక్టర్ కదలదు, పక్క సందులోంచి పోదామంటే బస్సు అడ్డం. కాలు కింద పెట్టి నిలబడితే పైన మబ్బు కమ్ముతోంది. ఎక్కడో తుఫాను పట్టిందని పొద్దున టీవీలో చెప్పారు. పసుపు తిరిగి వచ్చాక దాన్ని పోగొట్టేది ఎండ ఒక్కటే. ఆ పచ్చటి మరకను మామూలు సబ్బు తీయలేదు, ఎండ తినేస్తుంది. ఎండ లేకపోతే పచ్చ సోఫాను సీతాబాయి కొడుకు ముందు పెట్టాలి. అంతకన్నా ముందు దేవరాజ్. అతను పెరట్లో ఎవరితో మాట్లాడుతున్నాడో అప్పుడు ఆలోచించింది. ఆలోచించగానే హారన్ మీద వేలు పెట్టి తీయలేదు.

ఇంటి ముందు, సోఫాను తెచ్చి దింపిన మాణిక్ ట్రాలీ ఆటో ఆగి ఉంది.

ట్రాలీలో ముందు భాగాన ఆమె మిషన్ ఉంది. గొట్టం చుట్టి, తాడు కట్టి, జాగ్రత్తగా పెట్టారు. వరండాలో మాణిక్, దేవరాజ్ సోఫాకు చెరొక దిక్కున నిలబడి ఉన్నారు. సోఫా నడిమిలో, ఆ ఎర్రటి తడిలో, స్పాంజి లేక పట్టీల మీదికి కుంగిన గుడ్డ మీద దీక్షిత కూర్చుని ఉంది. తెల్ల చుడీదార్ మోకాళ్ల దాకా ఎర్రబడింది. గడప లోపల బస్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

“లెవ్వు దీక్షితా. మంచిగ చెప్తున్న,” అంటున్నాడు దేవరాజ్.

“మమ్మీ వచ్చినంక లేస్త.”

“చెప్పిన గద వదినమ్మను రానీయమని,” అన్నాడు మాణిక్ శోభారాణిని చూసి, తప్పు తనది కానట్టు. “అన్నే తొందర పెట్టిండు. సోఫా చెరకు దారిల పడెయ్యాలె, మిషన్ కోహీర్‌ల దింపాలె అన్నడు.”

శోభారాణి స్కూటీ స్టాండు వేసింది. సంచి చేతిలోకి తీసుకుంది. మెట్లెక్కి భర్త ముందుకు వచ్చింది.

“నేను వచ్చేదాంక ఆగలేకపోయినవా?”

“నువ్వు వస్తే ఒప్పుకోవు గద,” అన్నాడు దేవరాజ్.

అతనికి ఆ మాట మామూలుగానే వచ్చింది. ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి తల తిప్పుకుంది.

“అత్తమ్మా,” అంది. “మొన్న పక్కింటి కోడలు బాలెంత అయి వచ్చినప్పుడు దిష్టి ఎవరు తీసిన్రు?”

బస్వమ్మ నోటి మీది నుంచి కొంగు తీసింది.

“నువ్వే తీసినవ్. పళ్లెంల ఎర్రనీళ్లు ఎవరు కలిపిన్రు?”

“నేనే కలిపిన. ఇప్పుడెందుకు అదంత?”

“ఏం ఏసినవ్?”

“పసుపు. సున్నం.” ఆమె ఆగింది. కళ్లు సోఫా మీదికి పోయాయి. “అయితే?”

“ఆయన పుండ్లకు పసుపు పెట్టిన్రు. చీమలొస్తే సీటు నిండ పసుపు చల్లిన్రు. నేను సోడా పోసిన. నెత్తురు లేదు, దయ్యం లేదు. నాకే బుద్ధి లేకపాయె.”

సీసా మూత తీసి, దీక్షిత పక్కన ఎరుపు బాగా ముదిరిన చోట సిర్కా ధారగా పోసింది. ఘాటు వాసన అందరికీ కొట్టింది. ధార పడిన మేర ఎరుపు వెనక్కు పోయింది. దాని చోట పసుపు, పెళ్లి పీట మీద ఒలికిన పసుపులా ఉంది.

దీక్షిత తన చుడీదార్ అంచు ముందుకు పట్టింది. “దీని మీద సుత పొయ్యి మమ్మీ. ఇది కొత్తది.”

బస్వమ్మ గడప దాటింది. వరండాలోకి వచ్చింది, కానీ సోఫాకు మూరెడు దూరంలో ఆగింది. వంగి చూసింది. ఎరుపు ఇంకా మిగిలిన మూలకు వేలు చూపించింది.

“ఆడ పొయ్యి.”

శోభారాణి పోసింది. ఆ మూల కూడా తిరిగింది.

“మాణిక్, మిషన్ దించు,” అంది బస్వమ్మ. కొడుకును చూడలేదు.

మాణిక్ దేవరాజ్‌ను చూశాడు. దేవరాజ్ భుజం ఎగరేశాడు. మిషన్ దిగింది. ట్రాలీ ఖాళీగా పోయింది.

షిఫ్టుకు బయల్దేరుతూ దేవరాజ్ వరండాలో ఆగాడు. శోభారాణి మంచినీళ్లతో సిర్కా కడిగి పీలుస్తోంది. అతను చెప్పేది వినడానికి మిషన్ ఆపింది.

“సరే, ఈసారికి అయింది. నేనేం వద్దంటలేను. ఇగ నుంచి ఏది తెచ్చేదున్నా ముందు నాకు చెప్పు, అమ్మను అడుగు, అడిగినంక తే. అప్పుడు ఎవ్వరికీ పరేషాన్ ఉండదు.”

అతని మొహం తేటగా ఉంది. తన వంతు తాను దిగివచ్చానన్న తృప్తి అది. అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి ఆమె మిషన్ ఆన్ చేసింది.

ఆ మధ్యాహ్నమంతా ఎండ వచ్చిపోతూ ఉంది. ఎండ పడిన చోటికి సోఫాను తల్లీ కూతుళ్లు ఈడ్చేవారు, నీడ పాకితే మళ్లీ ఈడ్చేవారు. ఒకసారి నాలుగు చినుకులు రాలితే కిటికీలోంచి, “చినుకులు, లోపటికి జరుపున్రి,” అని బస్వమ్మే కేక వేసింది. మర్నాడు పొద్దున మబ్బు విడిచింది. కనురెప్ప వేయకుండా చూస్తే తెలిసేది కాదు కానీ, పనుల మధ్య వచ్చి చూసిన ప్రతిసారీ పసుపు ఇంకొంచెం పలచబడింది. పొద్దు తిరిగేసరికి సీటు, చెయ్యి ఒకే గంధం రంగులోకి వచ్చాయి. వీపు మీద ఒక చార మాత్రం లేతగా ఉండిపోయింది. శోభారాణి దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు, స్పాంజిని తిరిగి లోపల పెట్టి అడుగున గుడ్డ కొట్టేసింది.

ఎండ ఇంకా ఉండగానే ఆమె బజారు పని ఉందని స్కూటీ మీద పోయి వచ్చింది. ఏం పనని ఎవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున్నే సీతాబాయి తానే ట్రాలీ వెంట వచ్చింది. సోఫా చుట్టూ తిరిగింది. వంగి సీటు వాసన చూసింది, మళ్లీ చూసింది. వీపు మీది చార మీద బొటనవేలితో రాసి, “ఇది పోదా?” అని అడిగింది.

“ఇంకో రెండు దినాలు ఎండల పెడితే పోతది పెద్దమ్మా.”

“ఉండనీ. చుట్టాలు వీపు దిక్కు చూస్తరా? కూసుంటరు.” సీతాబాయి కూర్చుంది. లేవడానికి తొందర పడలేదు. బస్వమ్మ ఆమెకు వరండాలోనే చాయ్ తెచ్చి ఇచ్చింది.

మధ్యాహ్నం అందరూ ఒక్కసారే అన్నాలకు కూర్చున్నారు. జొన్నరొట్టెలు, పుంటికూర. దేవరాజ్ మంచి ఉషారులో ఉన్నాడు. సీతాబాయి కొడుకు తనకు ఫోన్ చేసి మెచ్చుకున్నాడని చెప్పాడు. తమ ఫోర్‌మన్ ఇంట్లో కుక్క పాడుచేసిన సోఫా ఉందట, అడుగుతున్నాడట.

“తీస్కరానీ,” అంది బస్వమ్మ. “కుక్కదే గద. వరండా ఖాళీనే ఉన్నది. నేనేమన్న వద్దంటున్ననా?”

“చూసినవా,” అన్నాడు దేవరాజ్ భార్యతో. “అడిగితే అమ్మ ఒప్పుకోదా?”

శోభారాణి అత్త పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. కూతురికి కూర వడ్డించింది. గిన్నె కింద పెట్టి, తన పళ్లెం ముందు కూర్చుంది.

“రేపటి నుంచి ఇంటికి ఏదీ రాదు,” అంది. “రాయికోడ్ రోడ్డు మలుపుల, వెల్డింగ్ షాపు పక్కన ఒక షట్టర్ ఖాళీ ఉన్నది. వెనక ఎండ మంచిగొస్తది. నిన్న పోయి మాట్లాడిన, తాళంచెవి తెచ్చుకున్న. మిషన్ పొద్దున మాణిక్ వచ్చి ఆడ దింపుతడు.”

దేవరాజ్ చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఉంది.

“నన్ను అడగకుండనే?”

“ఇప్పుడు చెప్తున్న గద.”

“ఇంట్ల చేస్కో అంటున్నం గద ఇప్పుడు. అమ్మ సుత ఒప్పుకున్నది. ఇంకేంది?”

“ఒప్పుకున్నరు,” అంది ఆమె. “ఇగ నేను అడుగను.”

దీక్షిత తలెత్తలేదు, కానీ నమలడం ఆపింది. బస్వమ్మ కోడలి వైపు తిరిగింది.

“మరి పగటి అన్నం?”

“వండి పెట్టి పోత అత్తమ్మా. ఎవరి పళ్లెంల వాళ్లు పెట్టుకోవాలె,” అని శోభారాణి తన రొట్టె తుంచుకుంది.